తొట్టెలో పుట్టుకొచ్చిన చిట్టి ఊసరవెల్లులు

అమెరికాలోనో జర్మనీలోనో ఒక ఇల్లు. గదిలో ఓ మూల గాజు తొట్టె. అడుగున మట్టి, దాని మీద ఎండిన ఓక్ ఆకులు, అక్కడక్కడా నాచు, పైకి పాకుతున్న మనీప్లాంట్. అందులో జానెడు కూడా లేని రెండు ఊసరవెల్లులు కాపురం ఉంటున్నాయి. యజమాని రోజూ చేసినట్టే పొద్దున్నే నీళ్లు చల్లుతుంటే, ఓ సన్నపుల్ల మీద ఎండుటాకు తునక లాంటిది కదిలింది. దగ్గరకెళ్లి చూస్తే దానికి రెండు కళ్లు. ఒకటి పైకి, ఇంకోటి కిందికి చూస్తున్నాయి. తోకతో కలిపి కొలిచినా రెండు సెంటీమీటర్లు లేని ఊసరవెల్లి పిల్ల అది. గుడ్లు పెట్టిన సంగతి ఎవరూ చూడలేదు. పొదిగించే ఏర్పాటేదీ ఎవరూ చెయ్యలేదు.

పిగ్మీ ఊసరవెల్లులను పెంచేవాళ్లలో చాలామందికి మొదటి పిల్లలు ఇలాగే కంటపడతాయి. వెనువెంటనే ఓ ప్రశ్న తలెత్తుతుంది. ఇంత చిన్న ప్రాణికి ఏం పెట్టాలి?

ఊసరవెల్లి అనగానే మనకు గుర్తొచ్చేది చెట్టుకొమ్మను గోళ్లతో పట్టుకుని, తోకను చుట్ట చుట్టుకుని, ఊగుతూ అడుగేసే పచ్చని జీవి. పిగ్మీల తీరు వేరు. ఇవి నేలను నమ్ముకున్నవి. పగలంతా అడవి అడుగున రాలిన ఆకుల మధ్య తిరుగుతూ పురుగులు ఏరుకుంటాయి. చీకటి పడేవేళకు ఏ చిన్న మొక్కనో, రెమ్మనో ఎక్కి నిద్రపోతాయి. తోక పొట్టి. రంగు గోధుమ, బూడిద, తుప్పు ఛాయల మధ్యే తిరుగుతుంది. ఒంటి మీది గీతలు ఆకు ఈనెల్లా ఉంటాయి. శత్రువు కనబడితే పరుగెత్తవు. ఒంటిని పక్కకు అదిమి, కదలకుండా ఉండిపోతాయి. చేతిలోకి తీసుకుంటే కొన్ని జాతులు ఒళ్లంతా సన్నగా వణికిస్తాయి. ఆ కంపనం వేళ్లకు స్పష్టంగా తెలుస్తుంది. పట్టుకున్నవాడు ఉలిక్కిపడి వదిలేస్తే చాలు, ఆకుల్లో కలిసిపోతాయి.

ఆఫ్రికాలో రాంఫోలియన్, రీపెలియన్ అనే రెండు ప్రజాతులను కలిపి పిగ్మీలు అంటున్నారు. మడగాస్కర్‌లో వీటి జీవన విధానాన్నే పోలిన బ్రూకేసియా ప్రజాతి ఉంది. ఆ ప్రజాతిలో 2021లో శాస్త్రవేత్తలు వర్ణించిన బ్రూకేసియా నానా మగది తోక కాకుండా 13.5 మిల్లీమీటర్లు, తోకతో కలిపి 21.6 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే ఇంతసేపూ చెప్పుకున్న పిల్లకు కాస్త అటూ ఇటూగా ఉండేది అక్కడ పెద్దయిన జంతువే. ఇళ్లలో ఎక్కువగా కనబడేది మాత్రం టాంజానియా, కెన్యా అడవుల రీపెలియన్ బ్రెవికాడేటస్. జర్మన్ జంతు శాస్త్రవేత్త పాల్ మాట్షీ 1892లో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. గడ్డం కింద చిన్న పొలుసుల కుచ్చు ఉండడం వల్ల గడ్డపు పిగ్మీ అంటారు. పెద్దవి ఎనిమిది సెంటీమీటర్ల లోపే. మగదాని తోక మొదలు దగ్గర లావుగా, కొంచెం పొడుగ్గా ఉంటుంది. ఆడదాని తోక మరీ కురచ.

పిల్లలు చెప్పకుండా రావడానికి మొదటి కారణం తల్లి ఒంట్లోనే ఉంది. ఊసరవెల్లుల్లో ఆడవి ఒకసారి జతకట్టాక మగదాని వీర్యాన్ని నెలల తరబడి తమలో దాచుకోగలవు. అందుకే ఒంటరి ఆడదాన్ని కొని తెచ్చుకున్నవాళ్ల ఇంట్లోనూ పిల్లలు పుడతాయి. అడవి నుంచి పట్టి తెచ్చినవైతే, ఓడల్లోనో విమానాల్లోనో వచ్చే సరికే కడుపుతో ఉండడం మామూలు. ఒక్కసారి గుడ్లు పెట్టేసి ఊరుకోవు. దాచుకున్న దాంతోనే మరో విడత పెట్టగలవు.

రెండో కారణం గుడ్లు పెట్టే పద్ధతి. యెమెన్, సౌదీ ప్రాంతాల వెయిల్డ్ ఊసరవెల్లి ఒక్క విడతలో పదుల కొద్దీ గుడ్లు పెడుతుంది. అందుకు లోతైన గుంట తవ్వుతుంది. ఆ పని ఎవరి కంటా పడకపోవడం కష్టం. గడ్డపు పిగ్మీ పెట్టేది గుప్పెడు గుడ్లు కూడా కావు. రాలిన ఆకులను ఒత్తిగించి, తడి మట్టిలో కొద్ది లోతున పెట్టి, పైన మళ్లీ ఆకులు సర్దేసి వెళ్లిపోతుంది. రోజూ చూసేవాళ్లకు సైతం కనిపించేది ఒకటే. నిన్నటి దాకా రెండు పక్కలా ఉబ్బెత్తుగా గడ్డలు గడ్డలుగా తేలిన పొట్ట, ఇవాళ లోపలికి పోయి ఉంటుంది. ఆ మార్పు కనిపెట్టినవాడు తేదీ రాసుకుంటాడు. కనిపెట్టనివాడికి రెండు నెలల తర్వాత పుల్ల మీద పిల్ల కనిపిస్తుంది.

రెండు నెలలు అన్నది కూడా గమనించాల్సిన సంగతే. మడగాస్కర్‌లోని పెద్ద జాతి పార్సన్ ఊసరవెల్లి గుడ్లు పిల్లలవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టొచ్చు. వాటికి మధ్యలో ఒక చలికాలం లాంటి విరామం కూడా కావాలి. గడ్డపు పిగ్మీ గుడ్లకు అవేమీ అక్కర్లేదు. ఇరవై నుంచి పాతిక డిగ్రీల మధ్య మామూలు గది వేడి, ఆరిపోని తడి ఉంటే, దాదాపు నెలన్నర, రెండు నెలల్లో పగులుతాయి. పెద్దవాటికి ఏ వాతావరణం కావాలో గుడ్లకూ అదే చాలు. కాబట్టి తొట్టె సవ్యంగా ఉందంటే, గుడ్లను వేరే పొదిగే పెట్టెలో పెట్టక్కర్లేకుండానే పిల్లలు బయటికొస్తాయి. ఒకరకంగా అది పెంచేవాడికి దక్కిన మంచి మార్కు.

గుడ్లు ముందే కంటపడితే ఏం చెయ్యాలన్నది వేరే సంగతి. వాటిని కదపకుండా వదిలెయ్యమనేవాళ్లున్నారు. తీసి, మిద్దెతోటల వాళ్లకు బాగా తెలిసిన వెర్మిక్యులైట్‌ను తడిపి, చిన్న డబ్బాలో వేసి, అందులో పెట్టమనేవాళ్లూ ఉన్నారు. తీసేటప్పుడు ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. కోడిగుడ్డును తల్లికోడి రోజూ పొర్లిస్తూ ఉంటుంది. బల్లి, ఊసరవెల్లి గుడ్లలో అది ప్రాణం తీస్తుంది. లోపలి పిండం గుడ్డు పైభాగాన అతుక్కుని పెరుగుతుంది కనుక, గుడ్డు ఏ వైపు పైకి ఉందో ఆ వైపే ఉంచాలి. అందుకని పైభాగాన మెత్తని పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి తీస్తారు.

పుట్టే ముందు గుడ్డు మీద చెమట పట్టినట్టు చిన్న చిన్న నీటి బొట్లు తేలుతాయి. తర్వాత కొనభాగాన చీలిక. పిల్ల తల బయటపెట్టి గంటల తరబడి అలాగే ఉండిపోతుంది. గుడ్డులోని పచ్చసొన తాలూకు మిగులును ఒంట్లోకి లాక్కునే సమయం అది. పాపం ఇరుక్కుపోయిందనుకుని గుడ్డు పెంకు ఒలిచి సాయం చెయ్యబోతే చేజేతులా చంపినట్టే. ఆ పచ్చసొన వల్లే మొదటి రోజు చాలా పిల్లలు ఏమీ ముట్టవు. తినడం లేదని ఆ ఒక్కరోజుకు కంగారు అనవసరం.

ఊసరవెల్లి పిల్లకు తల్లి పెంపకం లేదు. గుడ్లు పెట్టిన క్షణంతో తల్లి బాధ్యత తీరిపోయింది. నోట్లో పెట్టేవారు, దారి చూపేవారు ఎవరూ లేరు. అలాగని అది నిస్సహాయమైనదీ కాదు. గుడ్డులోంచి వచ్చేటప్పటికే కళ్లు దేనికది తిరుగుతాయి. రెండు వేళ్లు ఇటు, మూడు వేళ్లు అటుగా చీలిన పాదాలు పుల్లను పట్టుకుంటాయి. నాలుక బాణంలా దూసుకుపోతుంది. పెద్దవాళ్లు చేసే పనులన్నీ చేస్తుంది, కాకపోతే అంతటి చిన్న కొలతలో చేస్తుంది. అందుకని పెంచేవాడి పని పిల్లను సాకడం కాదు. ఆ కొలతకు సరిపడే లోకాన్ని దాని చుట్టూ ఉంచడం.

ఈ నాలుక గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నప్పుడు క్రిస్టఫర్ ఆండర్సన్ అనే పరిశోధకుడు 20 జాతుల ఊసరవెల్లుల ముందు పురుగులు పెట్టి, సెకనుకు వేల చిత్రాలు తీసే కెమెరాతో వాటి నాలుకల వేగాన్ని కొలిచాడు. ఫలితాలు 2016లో వచ్చాయి. అన్నిటికంటే ముందున్నది ఏ పెద్ద ఊసరవెల్లో కాదు. టాంజానియాలోని ఉసంబరా కొండల్లో ఉండే రాంఫోలియన్ స్పైనోసస్ అనే వేలెడు జీవి. దాని నాలుక ఒంటి పొడుగుకు రెండున్నర రెట్ల దూరం పోయింది. భూమ్యాకర్షణ వల్ల కలిగే త్వరణానికి 264 రెట్ల త్వరణంతో బయటికి దూకింది. కండరానికి ఒక్కదానికీ అంత శక్తి ఉండదు. నాలుక లోపలి సాగే పొరలను ముందే బిగించి పెట్టి, విల్లు వదిలినట్టు ఒక్కసారిగా వదిలేస్తుంది. చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే ఎక్కువ తిండి కావాలి. ఆ తిండి సంపాదించడానికి ఒంటికి మించిన నాలుక కావాలి. అప్పుడే పుట్టిన పిల్లకు ఆకలి ఎంత తీవ్రమో, రెండు మూడు రోజులు తిండి తప్పితే ఎందుకు నీరసించిపోతుందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

అసలు కష్టమంతా ఆ తిండి దగ్గరే. ఊసరవెల్లి తన నోటికి పట్టే పురుగునే కొడుతుంది. అది కూడా కదులుతుంటేనే. పెద్దవాటికి పెట్టే కీచురాయి ఈ పిల్లకు తన అంతటి జంతువు. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన కీచురాళ్లయితే సరిపోతాయి కానీ, అవి రెండు మూడు రోజుల్లోనే పెరిగిపోతాయి. తినకుండా మిగిలినవి రాత్రిపూట నిద్రపోతున్న పిల్లలను కొరుకుతాయి కూడా. అందువల్ల పెంపకందారులు రెండు రకాల పురుగుల మీద ఆధారపడతారు.

మొదటిది స్ప్రింగ్‌టెయిల్. పూలకుండీలో తడిమట్టిని కెలికితే తెల్లగా, చుక్కల్లా ఎగిరిపడేవి ఇవే. ఒకటి రెండు మిల్లీమీటర్ల ప్రాణి. పొట్ట కింద మడిచి పెట్టుకున్న పంగ లాంటి అవయవాన్ని విదిల్చి గెంతుతుంది. బూజు తిని బతుకుతుంది. ఒక డబ్బాలో బొగ్గుముక్కలు వేసి, అడుగున నీళ్లు పోసి, పైన కాసిని బియ్యపు గింజలో, చిటికెడు ఈస్టో చల్లి మూతపెడితే కొన్ని వారాల్లో వేల సంఖ్యలో పెరుగుతాయి. కావాల్సినప్పుడు డబ్బాలో ఇంకాస్త నీళ్లు పోస్తే అవన్నీ నీటి మీద తేలతాయి. వాటిని మెల్లగా తొట్టెలో వంపేస్తారు. తొట్టెలో ముందు నుంచీ ఇవి కాపురముంటే ఇంకా మంచిది. ఆకుల మీది బూజును, పెద్దవాటి రెట్టలను తినేస్తూ అడుగును శుభ్రంగా ఉంచుతాయి. ఎవరూ చూడకుండా పుట్టిన పిల్లలు కంటపడే దాకా బతికి ఉన్నాయంటే, చాలాసార్లు ఈ తెల్లచుక్కల పుణ్యమే. పుట్టిన చోటే వాటికి తిండి దొరికింది.

రెండోది పండు ఈగ. మగ్గిన అరటిపండు చుట్టూ, వేసవిలో మామిడిపళ్ల బుట్ట చుట్టూ మూగే సన్నటి ఈగే. ఎగిరేవైతే తొట్టెలోంచి గదిలోకి, గదిలోంచి వంటింట్లోకి పోతాయి. అందుకని పెంపకందారులు ఎగరలేని రకాలను వాడతారు. వీటి చరిత్ర ఆసక్తికరం. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ 1910 ప్రాంతంలో పండు ఈగలను సీసాల్లో పెంచి వంశపారంపర్య లక్షణాల గుట్టు విప్పే పని మొదలుపెట్టాడు. ఆ కృషికే ఆయనకు 1933లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సీసాల్లో పుట్టిన వింతల్లో ఒకటి, రెక్కలు ముడుచుకుపోయి మొండిగా మిగిలిన ఈగ. జన్యుశాస్త్రానికి పాఠం చెప్పిన ఆ ఈగే ఇవాళ ఊసరవెల్లి పిల్లల ప్రాణం నిలుపుతోంది. దానికి ఓ లోపముంది. ముప్పై డిగ్రీల దాపున వేడిలో పెంచితే ఆ మొండి రెక్కలు కొంత పొడవు పెరుగుతాయి. కనుక ఈగల సీసాలనూ చల్లగా ఉన్న చోటే పెట్టాలి.

అంగళ్లలో దొరికే ఎగరని ఈగల్లో రెండు రకాలుంటాయి. డ్రోసోఫిలా మెలనోగాస్టర్ చిన్నది. డ్రోసోఫిలా హైడీ దానికి దాదాపు రెట్టింపు. పుట్టిన పిల్లకు చిన్నదే సరైనది. గుడ్డు నుంచి ఈగ దాకా దీనికి పది పన్నెండు రోజులు, చల్లగా ఉంటే రెండు వారాలు పడుతుంది. ఇక్కడే కొత్తవాళ్లు దెబ్బతింటారు. పిల్లలు కనబడ్డ రోజున ఈగల సీసా మొదలుపెడితే, అందులోంచి ఈగలు వచ్చేటప్పటికి రెండు వారాలు గడుస్తాయి. పిల్ల అన్నాళ్లు ఆగలేదు. కాబట్టి ఆడ పిగ్మీ ఉన్న ఇంట్లో పిల్లలున్నా లేకపోయినా వారానికొక కొత్త సీసా పెట్టుకుంటూ పోవాలని అనుభవజ్ఞులు అంటారు. ఉడికిన ఆలుగడ్డ పొడి, మగ్గిన అరటిపండు, కాస్త పంచదార, బూజు పట్టకుండా కొంచెం వెనిగర్, పైన ఈస్ట్. సీసాలో మేత ఇదే. నెల దాటిన సీసాలో నల్లి పడుతుంది కనుక దాన్ని పారెయ్యాలి. ఇంత చాకిరీ ఊసరవెల్లి కోసం కాదు, ఈగ కోసం. ఈ పెంపకంలో మనిషి సమయంలో ఎక్కువ భాగం ఈగలకే పోతుంది. ఆ ఓపిక లేనివారు ఈ జంతువు జోలికి పోకపోవడం రెండింటికీ మంచిది.

ఈగలను ఉన్నపళంగా వెయ్యరు. ఒక గిన్నెలో కాల్షియం పొడి చిటికెడు వేసి, అందులో ఈగలను అటూ ఇటూ కదిపి, ఒంటికి పొడి అంటాక వదులుతారు. ఎదిగే ఎముకలకు కాల్షియం, దాన్ని ఒంటికి పట్టించడానికి విటమిన్ డి3, ఆ విటమిన్ ఒంట్లో తయారవడానికి యూవీబీ కిరణాలు కావాలి. ఈ గొలుసు తెగితే కాళ్లు వంకర్లు పోతాయి, దవడ మెత్తబడుతుంది, నాలుక గురితప్పుతుంది. అడవి అడుగున నీడలో బతికే జీవి కనుక ఆ కిరణాలిచ్చే దీపం తక్కువ శక్తిది చాలు. విటమిన్ పొడులు మాత్రం రోజూ పెట్టకూడదు; విటమిన్ ఏ, డి3 ఒంట్లో పేరుకుంటే అవే విషం. ఈగలు తొట్టెంతా చెల్లాచెదురు కాకుండా ఒక పుల్లకు అరటిపండు గుజ్జు రాస్తారు. ఈగలు అక్కడికి చేరతాయి, పిల్లలు కూడా ఒకటి రెండు రోజుల్లో ఆ చోటు కనిపెడతాయి.

పిల్లలను పెద్దవాటితో ఉంచకూడదు. కదిలే చిన్నదాన్ని దేన్నయినా పెద్ద ఊసరవెల్లి నాలుక చాచి అందుకోవచ్చు. అది సొంత పిల్లా కాదా అన్న విచారణ దానికి లేదు. అడవి నుంచి వచ్చిన పెద్దవాటి కడుపులో నులిపురుగులుండే అవకాశమూ ఎక్కువ. వాటి రెట్టలు పడిన మట్టిలోనే పిల్లలు తిరిగితే అవి వీటికీ అంటుకుంటాయి. అందుకని కనబడిన పిల్లను కనబడినట్టే వేరే చిన్న పెట్టెలోకి మారుస్తారు. వేళ్లతో పట్టుకోకూడదు. దాని కాలు దారప్పోగంత ఉంటుంది. ముందు ఒక పుల్లో ఆకో పెడితే తనే ఎక్కుతుంది, పుల్లతో సహా మార్చెయ్యొచ్చు. ఒక్కటి కనబడిందంటే మిగతావీ ఉంటాయనుకోవాలి. పగలు ఆకుల్లో వెతకడం వృథా. పైగా కాలో చెయ్యో పడి నలిగిపోతాయి. రాత్రి దీపాలార్పాక టార్చిలైటు వేసి చూస్తే, కొమ్మల చివర్న నిద్రపోతున్నవి పాలిపోయిన రంగులో ఇట్టే కనబడతాయి. ఆఫ్రికా అడవుల్లో వీటిని లెక్కించే శాస్త్రవేత్తలూ ఈ పద్ధతిలోనే టార్చిలు పట్టుకుని రాత్రిళ్లు తిరుగుతారు.

పిల్లల పెట్టె పెద్దదిగా ఉండనక్కర్లేదు. చాలా పెద్దదైతే ఈగ ఒక మూల, పిల్ల ఒక మూల. మరీ చిన్నదైతే గాలాడక బూజు. ఈగలు దూరలేని సన్న జాలీ పైన, అడుగున తడి కోకోపీట్, నాలుగు ఎండుటాకులు, పిల్ల కాళ్లకు పట్టేంత సన్నటి పుల్లలు చాలు. గిన్నెలో నీళ్లు పెడితే తాగవు, కొన్నిసార్లు అందులో పడి చనిపోతాయి. ఆకుల మీద నిలిచిన తుంపర బొట్లనే నాలుకతో అందుకుంటాయి. అందుకని పొగమంచులా పడే స్ప్రే వాడాలి; లావు చినుకు మీద పడితే పిల్ల అందులోనే ఇరుక్కుంటుంది. పొద్దున, సాయంత్రం చల్లి, మధ్యాహ్నానికి ఆకులు కాస్త ఆరనివ్వాలి.

ఇక వేడి. పగలు ఇరవై రెండు, ఇరవై నాలుగు డిగ్రీలు, రాత్రి ఇంకా తక్కువ. ఇరవై ఎనిమిది దాటుతుంటే పెద్దవే తల్లడిల్లుతాయి. పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. విజయవాడలోనో కరీంనగర్‌లోనో మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే ఇంట్లో ఎంత వేడి ఉంటుందో గుర్తు తెచ్చుకుంటే, ఈ జంతువు తెలుగునేల ఇళ్లకు ఎందుకు సరిపడదో వేరే చెప్పాల్సిన పని లేదు. ఇది చల్లటి అడవి నీడల జీవి.

ఆ అడవులున్న కొండల గురించి తెలియకుండా ఈ పిల్లల విలువ తెలియదు. టాంజానియాలో తూర్పు తీరానికి దగ్గరగా ఉసంబరా, ఉలుగురు, న్‌గురు వంటి కొండల వరుస ఉంది. తూర్పు చాపపు కొండలని పిలిచే ఈ వరుసను హిందూ మహాసముద్రపు గాలులు తడుపుతూ ఉండడం వల్ల, చుట్టూ మైదానాలు ఎండినా కొండల మీద అడవి లక్షల ఏళ్లుగా పచ్చగా నిలిచింది. ఒక్కో కొండా ఒక్కో ద్వీపంలా విడిపోయి, ఒక్కోదాని మీద వేరేచోట లేని జీవులు తయారయ్యాయి. ఆ అడవుల్లో పెద్ద భాగాన్ని తేయాకు కోసం, పొలాల కోసం, కలప కోసం ఇప్పటికే కొట్టేశారు. చిట్టి ఊసరవెల్లి ఎండ పడే పొలాన్ని దాటుకుని పక్క అడవికి పోలేదు.

మలావీలో జరిగింది ఇందుకు ఉదాహరణ. అక్కడి మలావీ హిల్స్‌లో ఐదున్నర సెంటీమీటర్లు దాటని చాప్‌మన్ పిగ్మీ ఊసరవెల్లిని కోలిన్ టిల్‌బరీ 1992లో వర్ణించాడు. అప్పటికే అడవి కరిగిపోతోంది. జాతి అంతరించిపోతుందేమోనన్న భయంతో 1998లో 37 ఊసరవెల్లులను అక్కణ్ణుంచి ఉత్తరాన 95 కిలోమీటర్ల దూరంలోని మికుండీ అడవిలో వదిలారు. అవి అక్కడ నిలదొక్కుకున్నాయి. సొంత కొండల్లో మాత్రం మిగిలాయో లేదో చాలాకాలం తెలియలేదు. 2016లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త క్రిస్టల్ టాలీ, టిల్‌బరీ తదితరులు రాత్రిపూట టార్చిలైట్లతో మిగిలిన అడవి తునకల్లో వెతికారు. దొరికాయి. కానీ 1984 నుంచి అక్కడి అడవి 80 శాతం పోయింది. ఒక తునకలోని ఊసరవెల్లులకు పక్క తునకలోని వాటితో సంబంధం తెగిపోతోందని జన్యు పరీక్షల్లో తేలింది. 2021లో అచ్చయిన ఆ పరిశోధన పత్రం, అడవి నరికివేత వెంటనే ఆపాలని కోరింది.

అడవి తరిగిపోవడం ఒకవైపు, పట్టి అమ్మడం ఇంకోవైపు. ఏళ్ల తరబడి గడ్డపు పిగ్మీలు అమెరికా, ఐరోపా పెంపుడు జంతువుల అంగళ్లలో చౌకగా దొరికేవి. చౌక కనుక చచ్చిపోతే ఇంకోటి కొనేవాళ్లు. పిల్లలను పెంచే శ్రమ ఎవరికీ పట్టలేదు. 2016లో రెండు పరిణామాలు జరిగాయి. టాంజానియా ప్రభుత్వం బతికున్న అడవి జంతువుల ఎగుమతిని నిలిపేసింది. అదే ఏడాది జొహానెస్‌బర్గ్‌లో జరిగిన సైటిస్ (అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) సభల్లో రాంఫోలియన్, రీపెలియన్ ప్రజాతులు రెండింటినీ రెండో అనుబంధంలో చేర్చారు. అంటే వీటిని దేశాలు దాటించాలంటే అనుమతి పత్రం తప్పనిసరి. ఆ నిర్ణయం 2017 జనవరి 2 నుంచి అమల్లోకి వచ్చింది. అడవి నుంచి వచ్చే ధార సన్నబడితే, ఇళ్లలో ఉన్నవి పిల్లలు పెడితేనే ఇళ్లలో ఆ జాతి మిగులుతుంది. అనుకోకుండా పుల్ల మీద కనబడ్డ ఆ రెండు సెంటీమీటర్ల పిల్లకు ఇప్పుడున్న ప్రాధాన్యం అదే. దాన్ని బతికించుకుంటే మరో పెద్దదాన్ని ఉసంబరా అడవి నుంచి లాక్కురావాల్సిన అవసరం అంతమేరకు తగ్గుతుంది.

మన దేశంలోనూ చట్టం మారింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించి, సైటిస్ జాబితాలోని విదేశీ జంతువులనూ దాని పరిధిలోకి తెచ్చారు. 2024లో వచ్చిన నియమాల ప్రకారం అలాంటి జంతువు ఇంట్లో ఉంటే పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. కొత్తగా పిల్లలు పుడితే ఆ సంగతీ తెలపాలి. కాబట్టి ఇక్కడ ఎవరి తొట్టెలోనైనా ఇలాంటి పిల్లలు కనబడితే, ఈగల సీసాతోపాటు ఆ దరఖాస్తు కూడా చూసుకోవాల్సిందే.

తెలుగు పల్లెల్లో తోటల్లో, కంపల్లో కనబడే ఊసరవెల్లి వేరు. అది కెమీలియో జైలానికస్, భారత్‌లో కనబడే ఊసరవెల్లి. ఇది కూడా గుడ్లు మట్టిలో పెట్టి వెళ్లిపోయేదే. పొలం గట్టు మీదో పెరటి కంచెలోనో అగ్గిపుల్లంత పిల్ల కనబడితే పైన చెప్పిన పెట్టెలూ సీసాలూ దానికి అక్కర్లేదు. దాన్ని పట్టుకోవడం, ఇంట్లో పెంచడం నేరం. అది పుట్టింది దానికి కావాల్సిన పురుగులున్న చోటే. తోటలో పురుగుమందు కొట్టకుండా ఉంటే దాని తిండి దానికి దొరుకుతుంది.

తొట్టెలోని పిల్లల దగ్గరకు మళ్లీ వస్తే, మొదటి రెండు మూడు వారాలే గండం. ఆ రోజుల్లో ఎన్ని జాగ్రత్తలు పడినా కొన్ని పోతాయి. కారణం తెలియకుండా పొద్దున్నే పెట్టె అడుగున పడి ఉంటాయి. గుడ్డులోనే బలహీనంగా ఉన్నవి కొన్ని, తల్లికి సరైన తిండి లేక అలా పుట్టినవి కొన్ని. అందుకే పిల్లల ఆరోగ్యం కోరేవాళ్లు తల్లికి పెట్టే కీచురాళ్లకు ముందు ఆకుకూరలు, క్యారెట్ తినిపిస్తారు. గండం గడిచినవి నిలకడగా పెరుగుతాయి. నెల దాటాక హైడీ ఈగలు, ఆ తర్వాత చిన్న కీచురాళ్లు. పెరిగే కొద్దీ పొట్టి తోకలో ఆడా మగా తేడా తెలియడం మొదలవుతుంది. మగపిల్లలు ఒకదాన్నొకటి తరుముకోవడం మొదలెట్టగానే విడదియ్యాలి. అక్కాతమ్ముళ్లనూ పెద్దయ్యే లోపే వేరు చెయ్యాలి. ఒకే జంట సంతానంలో మళ్లీ మళ్లీ జతకడితే తరాలు గడిచేకొద్దీ గుడ్లు పొల్లు పోవడం మొదలవుతుంది. శ్రద్ధగల పెంపకందారులు ఏ పిల్ల ఏ జంటకు పుట్టిందో పుస్తకంలో రాసి పెట్టుకుని, దూరపు ఊళ్లలోని తోటివారితో పిల్లలను మార్చుకుంటారు. పిల్ల చెయ్యి మారేటప్పుడు దానితో పాటు మూడు వివరాలు వెళ్తాయి: పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పుట్టుక ఎక్కడిది, ఇప్పుడు ఏ సైజు ఈగ తింటోంది. కొత్త ఇంట్లో మొదటి వారానికి సరిపడా ఈగల సీసా ఒకటి కూడా వెంట పంపుతారు.